మంచం బొమ్మ

జర్మనీలో ఆదివారంనాడు పెద్ద లారీలు తిరగకూడదు. పాలు, మాంసం, కూరగాయల వంటి త్వరగా పాడైపోయే సరుకులకు మినహాయింపు ఉంది. తక్కినవి, ఏడున్నర టన్నులు దాటిన లారీ ఏదైనా సరే, శనివారం అర్ధరాత్రి నుంచి ఆదివారం రాత్రి పది గంటల దాకా ఎక్కడిదక్కడ ఆగిపోవలసిందే. అందువల్ల శనివారం సాయంత్రమయ్యేసరికి ఇక్కడి రహదారుల ప్రక్కన ఉండే విశ్రాంతి స్థలాలు లారీలతో నిండిపోతాయి. చోటు దొరకనివి లోపలికి వచ్చే దారి అంచున, బయటికి పోయే దారి అంచున కూడా వరుసగా నిలబడి ఉంటాయి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి డార్మ్‌స్టాట్ వైపు వెళ్ళే ఏ5 రహదారి మీద ఈ దృశ్యాన్ని నేను ఏళ్ళ తరబడి చూస్తున్నాను. చూసిన ప్రతిసారీ కారు కాస్త నెమ్మది చేస్తాను. నేను లారీ డ్రైవరు కొడుకుని.

క్రిందటి చలికాలంలో ఒక శనివారం అలాంటి చోట కాఫీ కోసం ఆగాను. కారు దిగగానే జీలకర్ర తాలింపు వాసన వచ్చింది. ఈ దేశంలో రోడ్డు ప్రక్కన ఆ వాసన వస్తే ఎవరైనా తల తిప్పుతారు. రెండు లారీల మధ్య సందులో, గాలి తగలకుండా అట్టముక్క అడ్డం పెట్టుకుని, చిన్న గ్యాసు పొయ్యి మీద ఒకాయన పప్పు కాస్తున్నాడు. జలంధర్ దగ్గరి మనిషి. ముప్ఫయ్యైదేళ్ళు ఉంటాయి. లారీకి తూర్పు ఐరోపా దేశపు నంబరు ప్లేటు ఉంది. నాకు వచ్చిన హిందీలో పలకరించాను. మా నాన్న కూడా లారీ డ్రైవరేనని చెప్పేసరికి ఆయన మొహం విచ్చుకుంది. "అయితే ఎక్కి చూడండి భాయ్ సాబ్" అని క్యాబిన్ తలుపు తీశాడు.

లోపల చాలా శుభ్రంగా ఉంది. సీట్ల వెనుక పరుపు, చిన్న ఫ్రిజ్, ఇంజను ఆపినా పనిచేసే హీటరు, అద్దాలకు మందపాటి తెరలు. పరుపు తలవైపు గురునానక్ పటం. స్టీరింగుకు పైన టాకోగ్రాఫ్ అనే పెట్టె ఉంది. బండి ఎంతసేపు నడిచిందీ, ఎంతసేపు ఆగిందీ అన్నీ అందులో నమోదవుతాయి. నడుపుతుంటే స్టీరింగు చక్రం బొమ్మ, ఎక్కించడం, దించడం వంటి వేరే పనిలో ఉంటే సుత్తుల బొమ్మ, విశ్రాంతిలో ఉంటే మంచం బొమ్మ. ఆ సాయంత్రం దాని మీద మంచం బొమ్మ వెలుగుతోంది.

"నలభై అయిదు గంటలు ఈ బొమ్మ ఇలాగే ఉండాలి" అన్నాడాయన.

"ఇక్కడే పడుకుంటారా?"

ఆయన నవ్వాడు. "చట్టం ప్రకారం ఇప్పుడు నేను ఇక్కడ లేను. ఎక్కడో మంచి గదిలో ఉన్నాను."

కంపెనీ వాళ్ళు గది చూపించలేదట. దగ్గర్లో ఉన్న ఊరు నాలుగైదు కిలోమీటర్లు. రహదారి ప్రక్కన నడిచి వెళ్ళే దారి లేదు. అయినా అసలు కారణం అది కాదన్నాడు. ట్రైలరు గోడలు ఇనుపవి కావు, గుడ్డవి. రాత్రిపూట కత్తితో కోసి సరుకు తీసుకుపోతారు. సరుకు అక్కరలేనివాళ్ళు టాంకులో డీజిలు తోడుకుపోతారు.

మా ఇల్లు అక్కడికి పదిహేను నిమిషాల దూరం. రండి, వేడినీళ్ళతో స్నానం చేసి, భోంచేసి వద్దురుగాని, నేనే తెచ్చి దింపుతాను అన్నాను. ఆయన ఒకసారి ట్రైలరు వైపు చూశాడు. "లోడుంది భాయ్ సాబ్" అన్నాడు. పప్పు ఒక గిన్నెలో పోసి నాకిచ్చాడు. తాగి వచ్చేశాను.

"చట్టం ప్రకారం నేను ఇక్కడ లేను" అన్న మాట నన్ను వదలలేదు. ఆ రాత్రే కూర్చుని ఆ చట్టం ఏమిటో చదివాను. చదువుతున్నకొద్దీ, అందులో ఉన్నది మా ఇంటి సంగతే అనిపించింది.

ఐరోపా సమాఖ్య 2006లో చేసిన 561వ నంబరు నిబంధనల ప్రకారం లారీ డ్రైవరు రోజుకు తొమ్మిది గంటలు మాత్రమే నడపాలి. వారంలో రెండు రోజులు పది గంటలు నడపవచ్చు. నాలుగున్నర గంటలు నడిపితే ముప్పావుగంట ఆగాలి. వారానికి 56 గంటలు, వరుసగా రెండు వారాలకు కలిపి 90 గంటలు మించకూడదు. వారాంతపు విశ్రాంతి రెండు రకాలు. మామూలుది కనీసం 45 గంటలు. కుదించినది కనీసం 24 గంటలు. కుదించినప్పుడు తగ్గిన గంటలను తరువాత మూడు వారాల్లోగా తీర్చాలి.

చిక్కంతా ఒక వాక్యం దగ్గర వచ్చింది. డ్రైవరు కోరుకుంటే రోజువారీ విశ్రాంతినీ, కుదించిన వారాంతపు విశ్రాంతినీ ఆపి ఉంచిన బండిలోనే తీసుకోవచ్చునని ఆ వాక్యం చెప్పింది, అందులో పడుకోవడానికి తగిన ఏర్పాటు ఉంటే. 45 గంటల విశ్రాంతి మాటే ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి కూడదన్నట్టా, అడ్డు లేదన్నట్టా? బెల్జియం, ఫ్రాన్స్ కూడదనే అర్థం తీసుకుని 2014లో జరిమానాలు పెట్టాయి. బెల్జియంలో అది 1,800 యూరోలు. ఒక రవాణా సంస్థ ఆ జరిమానా చెల్లదని అక్కడి కోర్టుకు వెళ్ళింది. వ్యవహారం లక్సెంబర్గులోని ఐరోపా న్యాయస్థానం దాకా నడిచింది. 2017 డిసెంబరు 20న తీర్పు వచ్చింది. రెండు రకాల వారాంతపు విశ్రాంతినీ బండిలో తీసుకోవచ్చుననే ఉద్దేశమే ఉంటే, వాక్యంలో "కుదించిన" అన్న విశేషణం ఎందుకు వ్రాశారు అన్నది అందులోని తర్కం. వ్యాకరణం చదువుకున్నవాళ్ళకు ముచ్చట గొలిపే తర్కం. దానితోపాటు ఇంకొక మాట కూడా చెప్పారు. క్యాబిన్ ఎంత మెరుగుపడినా, అంత దీర్ఘమైన విశ్రాంతికి తగిన చోటు కాదని.

2020 ఆగస్టు 20 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ఈ సంగతిని ఎవరూ మెలితిప్పడానికి వీలు లేకుండా చెప్పేసింది. 45 గంటల విశ్రాంతి బండిలో తీసుకోకూడదు. పడుకోవడానికీ, స్నానపానాలకూ తగిన వసతి ఉన్న చోట తీసుకోవాలి. వాహనం బయట అయ్యే ఆ ఖర్చు యజమానిదే. ప్రతి నాలుగు వారాలలో ఒకసారి డ్రైవరు ఇంటికో, సంస్థ ఉన్న చోటుకో చేరుకునేలా పని ఏర్పాటు చేయడం కూడా యజమాని బాధ్యతే.

కాగితం మీద ఇంతకన్న మంచి చట్టం ఉండదనిపించింది. కాని చోటేదీ? ఐరోపా కమిషన్ చేయించి 2019లో వెలువరించిన అధ్యయనం ప్రకారం సమాఖ్య దేశాలన్నిటా రాత్రిపూట లారీలు నిలుపుకునే చోట్లు సుమారు మూడు లక్షలు. ఇంకా లక్ష తక్కువ పడుతున్నాయి. పడుకునే గది మాట తరువాత, బండి నిలుపుకోవడానికే చోటు లేదు.

అమలు దగ్గర మరొక చిత్రం ఉంది. గడిచిన వారం ఎక్కడ పడుకున్నావో రుజువు చూపించమని దారిలో ఆపిన డ్రైవరును అధికారులు అడగకూడదు. క్యాబిన్లో ఆ విశ్రాంతి తీసుకుంటూ పట్టుబడితేనే తప్పు. అంటే, మనిషి సరిగ్గా విశ్రాంతి తీసుకుంటున్నాడో లేదో తెలుసుకోవాలంటే తలుపు తట్టి అతన్ని నిద్ర లేపాలి.

అయినా ఈ చట్టాన్ని వెక్కిరించి వదిలెయ్యలేకపోయాను. 2023 వసంతంలో చూసినది గుర్తుకు వచ్చింది. ఇదే ఏ5 మీద గ్రేఫెన్‌హౌసెన్ విశ్రాంతి స్థలంలో, మార్చి చివరి నుంచి సుమారు నెల రోజులు, అరవైమందికి పైగా డ్రైవర్లు లారీలు ఆపి కూర్చున్నారు. ఎక్కువమంది జార్జియా, ఉజ్బెకిస్తాన్ వాళ్ళు. పనిచేసేది ఒక పోలండు యజమాని దగ్గర. నెలల తరబడి జీతాలు రాలేదు. ఏప్రిల్లో ఆ యజమాని మనుషులను వెంటబెట్టుకుని లారీలు లాక్కుపోవడానికి వచ్చాడు. పోలీసులు అడ్డుకున్నారు. చివరికి బాకీ రాబట్టుకునే కదిలారు. మళ్ళీ జూలై నుంచి సెప్టెంబరు దాకా అక్కడే ఇంకొక సమ్మె. ఈసారి కొందరు నిరాహారదీక్ష కూడా చేశారు. ఆఫీసుకు వెళ్తూ వస్తూ, ఆ వరుసలను నేను రోజూ చూసేవాణ్ణి. వాళ్ళకు క్యాబిన్ విశ్రాంతి స్థలం కాదు, ఇల్లు అంతకన్నా కాదు. జీతానికి తాకట్టు. దిగి హోటలుకు పోతే తెల్లవారేసరికి లారీ ఉండదు, లారీతోపాటు జీతమూ ఉండదు. క్యాబిన్లో ఉన్న మనిషి ఎప్పుడూ దేనికో ఒకదానికి కాపలా ఉంటున్నాడు. లోడుకో, డీజిలుకో, తన జీతానికో. తెరలు వేసుకుని పడుకున్నా ఆ డ్యూటీ దిగదు. లక్సెంబర్గు న్యాయమూర్తులు క్యాబిన్ తగిన చోటు కాదన్నప్పుడు పరుపు కొలతలు మాత్రమే లెక్కలో పెట్టుకుని ఉండరని నాకనిపిస్తుంది.

ఇక మా ఇంటి సంగతి.

మా ఊరు హనుమాన్ జంక్షన్ దగ్గర, రహదారికి అర కిలోమీటరు లోపల. ఇప్పుడు పదహారో నంబరంటున్న ఆ రహదారి అప్పట్లో ఐదో నంబరు. నాన్న టాటా 1210 లారీ మీద గుంటూరు నుంచి కలకత్తాకు మిర్చి టిక్కీలు తోలేవాడు. నెలకు మూడు, నాలుగు రోజులు ఇంటి దగ్గర ఉంటే గొప్ప. క్యాబిన్లో సీటు వెనుక ఒక చెక్కబల్ల ఉండేది. వేసవిలో లోడు మీద కప్పిన పట్టా పైనే పడుకునేవాడు. ఆయన చొక్కాలు ఎన్నిసార్లు ఉతికినా మిరప ఘాటు పోయేది కాదు. దగ్గరకు తీసుకుంటే తుమ్ములు వచ్చేవి.

నాకు పదేళ్ళప్పుడు ఉగాదికి ముందురోజు రాత్రి నాన్న వచ్చాడు. లోడు లారీ ఊళ్ళోకి రాదు కనుక రహదారి ప్రక్కనే ఆపి నడిచి వచ్చాడు. స్నానం చేశాడు, భోజనం చేశాడు. చాప, దిండు చంకన పెట్టుకుని మళ్ళీ లారీ దగ్గరికి బయలుదేరాడు. అమ్మ వీధి గుమ్మంలో నిలబడి చూస్తోంది, ఏమీ అనలేదు. "ఇవాళ కూడానా నాన్నా?" అన్నాను నేను. "పొద్దున్నే వచ్చేస్తానురా" అని వెళ్ళిపోయాడు. పొద్దున వచ్చాడు, పచ్చడి తిన్నాడు, మధ్యాహ్నానికి బండి తీశాడు.

ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఏదో మాటకు మాట పెరిగి "నీకు ఇల్లంటే ఆ లారీయే, మేం దారిలో తగిలే దాబా" అన్నాను. ఆయన బదులు చెప్పలేదు. ఆ మాట నేను వెనక్కు తీసుకోనూ లేదు.

మన దేశంలోనూ చట్టం లేకపోలేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటల పని, వారానికొక సెలవు అని చెప్పింది. అయితే అయిదుగురు, అంతకు మించి పనివాళ్ళున్న సంస్థలకే అది వర్తించేది. నాన్న ఓనరుకు రెండు లారీలు. ఇద్దరు డ్రైవర్లు, ఇద్దరు క్లీనర్లు, మొత్తం నలుగురు. ఒక్క మనిషి తేడాతో నాన్న ఆ చట్టం గడప బయట ఉండిపోయాడు. తరువాత ఆ చట్టాన్ని 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడులో కలిపేశారు. కొత్తగా తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. మంచి పనే. మన ఎండల్లో ఇంజను వేడికి కాళ్ళు కాలిన మనిషి కొడుకుగా ఆ మాట అంటున్నాను. కాని చల్లని క్యాబిన్ కూడా క్యాబినే.

మరునాడు ఆదివారం ఇంటికి ఫోను చేశాను. నాన్నకు డెబ్భై ఆరేళ్ళు. 2004లో లారీ దిగిపోయాడు. ఈ చట్టం సంగతంతా వివరంగా చెప్పాను. చివరిదాకా విని ఒకటే ప్రశ్న వేశాడు.

"మరి ఆ రెండు రోజులూ లోడెవరు చూస్తార్రా?"

కాపలా ఉండే పార్కింగులు ఉన్నాయనీ, కంచు, వెండి, బంగారం, ప్లాటినం అని భద్రతనుబట్టి వాటికి నాలుగు తరగతులు కూడా నిర్ణయించారనీ, అవి చాలినన్ని లేవనీ చెప్పాను.

"గదికి డబ్బులెవరిస్తారు?"

"ఓనరే ఇవ్వాలి."

నాన్న చాలాసేపు నవ్వాడు. లోడు దించేటప్పుడు రెండు టిక్కీలు తగ్గాయని రెండు ట్రిప్పుల బత్తా కోసుకున్న ఓనరు గుర్తుకువచ్చి ఉంటాడు.

నవ్వాడు కదా అని ఇంకొక తీర్పు సంగతి కూడా చెప్పాను. 2020లో సవరణతోపాటు, ఎనిమిది వారాలకొకసారి లారీ తన దేశానికి తిరిగి రావాలని కూడా ఒక నిబంధన పెట్టారు. కొన్ని దేశాలు వీటన్నిటి మీదా కోర్టుకు వెళ్ళాయి. 2024 అక్టోబరు 4న న్యాయస్థానం లారీ తిరిగి రావాలన్న నిబంధన కొట్టివేసింది. డ్రైవరు ఇంటికి చేరే ఏర్పాటు ఉండాలన్న నిబంధననూ, క్యాబిన్లో 45 గంటల విశ్రాంతి కూడదన్న నిబంధననూ నిలబెట్టింది.

"అంటే బండి రాకపోయినా ఫరవాలేదు, మనిషి రావాలనా?" అన్నాడు నాన్న. "అదీ తీర్పంటే."

అప్పుడు అడిగాను, నలభై ఏళ్ళుగా అడగనిది. ఆ ఉగాదినాటి రాత్రి ఇంట్లో ఎందుకు పడుకోలేదని.

ఆయనకు వెంటనే గుర్తుకు రాలేదు. గుర్తుకు వచ్చాక చాలా మామూలుగా చెప్పాడు. "క్లీనరు కుర్రాడుండేవాడు కదా. పదిహేనేళ్ళవాడు. గన్నవరం దగ్గర వాళ్ళది. పండక్కి అమ్మ దగ్గరికి పోతానని ఏడిచాడు. దారిలోనే దింపేశాను. వాడుంటే బండి దగ్గర వాడు పడుకునేవాడు, నేను ఇంట్లో పడుకునేవాణ్ణి. ఇద్దర్లో ఒకళ్ళు ఉండాలిగా."

ఇన్నేళ్ళూ ఈ లెక్కలో నేను అమ్మను, నన్ను, నాన్నను, లారీని మాత్రమే వేసుకున్నాను. ఆ కుర్రాడు నా లెక్కలో లేడు. ఒకరు నిశ్చింతగా నిద్రపోవాలంటే ఇంకెవరో మేలుకొని ఉండాలి. ఆ మేలుకొనే మనిషి ఎవరు, అతని కూలి ఎవరిస్తారు అన్నది తేలనంతవరకు విశ్రాంతి గంటలు ఎన్ని వ్రాసినా అవి పెట్టెలో వెలిగే మంచం బొమ్మలే. కొత్త చట్టం కనీసం ఆ ఖర్చు ఎవరిదో వ్రాసింది. గదిలో మంచం ఓనరు ఖాతాలో వేసింది. అది చిన్న సంగతి కాదు. ఇక కాపలా ఉన్న చోట్లు కట్టాలి, వాటి అద్దె సరుకు కిరాయిలో కలవాలి, ఆ కిరాయి ఆన్‌లైనులో వస్తువు కొని మర్నాటికే ఇంటికి రావాలనుకునే నాబోటివాడి చేతిలోంచి పోవాలి.

అమ్మ ఫోను అందుకుంది. "ఆయన్ని కాదు, నన్నడుగు. ఇప్పటికీ రాత్రి రెండు గంటలకు లేచి వీధి గుమ్మందాకా వెళ్ళి చూసి వస్తారు. ఏముందండీ అక్కడ అంటే, ఏం లేదు పడుకో అంటారు" అంది. లారీ దిగి ఇరవై ఏళ్ళు దాటింది. లోడు మాత్రం దిగినట్టు లేదు.

నేను ఒకప్పుడు అన్న మాట గుర్తు చేసి క్షమించమని అడుగుదామనుకున్నాను. నాన్న మళ్ళీ ఫోను తీసుకున్నాడు. ఆయన ఆలోచన అక్కడ లేదు, జలంధర్ మనిషి దగ్గరే ఉంది.

"అతన్ని ఇంటికి రమ్మన్నావు, లోడుందని రానన్నాడు. అంతేనా?"

"అంతే నాన్నా."

"ఒక గంట నేను బండి దగ్గర కూర్చుంటాను, మీరెళ్ళి స్నానం చేసి రండి, మా ఆవిడ వచ్చి తీసుకెళ్తుంది అని ఎందుకనలేదురా?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ మాట నాకు తోచలేదు. ఫోను పెట్టేశాక కారు తీసుకుని ఆ విశ్రాంతి స్థలానికి వెళ్ళాను. ఆదివారం రాత్రి పది దాటింది. లారీలు ఒక్కటొక్కటే కదులుతున్నాయి. ఆయన బండి ఉన్న చోట అప్పటికే వేరే లారీ నిలబడి ఉంది. అద్దాలకు తెరలు వేసి ఉన్నాయి. తట్టి లేపలేదు.